బోర్డు వెలిసిపోయిన ఇల్లు

'ఈ ఇల్లు అమ్మబడును' అన్న బోర్డు ఎండకు వెలిసిపోయినా ఇంకా గేటుకే వేలాడుతున్న ఇళ్లు హైదరాబాదు శివార్లలో కనిపిస్తుంటాయి. చీటీలు కట్టి, పైసా పైసా కూడబెట్టిన సంఘస్థులు అలాంటి ఇళ్లు చూసివచ్చి మమ్మల్ని అడుగుతుంటారు: "అయ్యగారూ, రెండేళ్లుగా ఎవరూ కొనలేదట. తగ్గించి ఇస్తారట. తీసుకోమంటారా?"

ధర అడిగే ముందు కారణం అడగండి. ఇదే మా జవాబు.

కొన్ని ఇళ్లు కాగితాల దగ్గర ఆగిపోతాయి. ఓసీ రాని ఫ్లాటు, లింకు డాక్యుమెంట్లు సరిగా లేని స్థలం, వారసుల తగాదా ఇలాంటివే. 2024లో హైడ్రా ఏర్పడి కూల్చివేతలు చేపట్టాక చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అన్న మాటలు సామాన్యులకూ తెలిశాయి. ఈసీ తీయించి, పత్రాలు న్యాయవాదికి చూపించి, చెరువు హద్దులు సరిచూసుకునే దాకా అడ్వాన్సు ఇవ్వకండి. "ప్రార్థన చేశాం, దేవుడే చూసుకుంటాడు" అనడం ఇక్కడ విశ్వాసం కాదు, అజాగ్రత్త. యిర్మీయా అనాతోతులో పొలం కొన్నప్పుడు సాక్షులను పిలిచాడు, వెండి తూచి ఇచ్చాడు, క్రయపత్రానికి ముద్ర వేశాడు (యిర్మీయా 32).

కొన్ని ధర దగ్గర ఆగుతాయి. ఒకసారి చెప్పిన రేటు తగ్గిస్తే పరువు పోతుందనుకునే యజమానులున్నారు. అక్కడ ఓపికగా బేరమాడటంలో తప్పులేదు. బిల్డరు దగ్గర మిగిలిపోయిన ఫ్లాటుకు ఓసీ వచ్చి ఉంటే దానిపై జీఎస్టీ ఉండదు. కడుతున్న ఫ్లాటుకైతే 5 శాతం, తక్కువ ధర ఇళ్లకైతే 1 శాతం పడుతుంది. ఆ తేడా కూడా లెక్కలో వేసుకోండి.

కొన్ని భయం వల్ల ఆగుతాయి. వీధిపోటు అనో, దక్షిణ ముఖం అనో, ఆ ఇంట్లో ఎవరో అకాలంగా పోయారనో అంటారు. "మేం నమ్మం గానీ, రేపు అమ్మాలంటే కష్టం కదా" అంటూ మన విశ్వాసులూ వెనక్కి తగ్గుతున్నారు. గాలి, వెలుతురు, నీళ్లు, దారి, కాగితాలు బాగుంటే ఆ ఇంటిని వదులుకోనక్కరలేదు. తిరిగి అమ్మేటప్పుడు ఆలస్యం కావచ్చు, అది తెలిసే కొనండి.

నాలుగో కారణమే మమ్మల్ని బాధిస్తోంది. ఆస్పత్రి బిల్లుల కోసమో, అప్పు తీర్చడానికో అమ్ముతున్నారని తెలియగానే, ఇంకా దిగివస్తారులే అని కొనేవాళ్లు వాయిదా వేస్తారు. అలా ఏడాది గడుస్తుంది. అప్పుడు "ఏడాదిగా ఎవరూ కొనలేదుగా" అన్న మాటే మరికొన్ని లక్షలు తగ్గించడానికి సాకు అవుతుంది. కొనేటప్పుడు బాగాలేదని, కొన్నాక గొప్ప బేరమని చెప్పుకునే మనిషిని సామెతలు 20:14 మనకు ముందే చూపించింది. అలా కొన్న ఇంటి గృహప్రతిష్ఠకు పిలిస్తే, ఇది దేవుడిచ్చిన ఇల్లు అని మేము ఏ నోటితో ప్రార్థించాలి?

అదే వీధిలో ఈమధ్య అమ్ముడైన ఇళ్ల ధరలు కనుక్కోండి. అమ్మేవారు ఆపదలో లేకపోతే ఎంత ఇచ్చేవారో అంతే ఇవ్వండి.