తీర జలాల ఆరోగ్యంపై నిరంతర నిఘా

స్నానాలకు ఉద్దేశించిన తీర జలాల్లో కరిగి ఉన్న ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటె, ఓడరేవు జలాల్లో 3 మిల్లీగ్రాముల కంటె తగ్గరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ఏ రోజు, ఏ గంటలో ఎంత ఉన్నదో తెలుసుకొనడమే ఇంతకాలం కష్టసాధ్యంగా ఉండేది.

1990వ దశకం తొలినాళ్లలో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన ‘కోమాప్స్’ కార్యక్రమం కింద పడవలపై వెళ్లి నీటి నమూనాలు సేకరించి పరీక్షించే విధానం అమలులోకి వచ్చింది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం ఆ కృషిని కొనసాగిస్తున్నది. దీర్ఘకాలిక మార్పులను గుర్తించడంలో ఆ నమూనాలకు సాటి లేదు. అయితే ఒకసారి పడవ వెళ్లిన రోజుకు, మళ్లీ వెళ్లే రోజుకు మధ్య ఏమి జరిగినదీ సీసాలోని నీరు చెప్పజాలదు.

ఈ లోటును పూడ్చేందుకు హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) కొచ్చి, విశాఖపట్నం తీరాలలో సెన్సర్లు అమర్చిన బోయాలను నెలకొల్పింది. నీటి ఉష్ణోగ్రత, లవణీయత, ప్రాణవాయువు, పత్రహరితం, మడ్డితనం మొదలైన వాటిని ఇవి కొలుస్తాయి.

విశాఖ విషయంలో ఈ కొలతలను కలిపి చదవవలసి ఉంటుంది. వేసవిలో నైరుతి దిశ గాలులకు పైపొర నీరు తీరం నుంచి తొలగగా, లోతులలోని చల్లని, ప్రాణవాయువు తక్కువైన నీరు పైకి వస్తుంది. ఇది ప్రకృతి సహజం. మరొకవైపు మేహాద్రిగెడ్డ నీటితోపాటు నగర వ్యర్థజలాలూ రేవును చేరుతున్నాయి. ప్రాణవాయువుతోపాటు ఉష్ణోగ్రత తగ్గి లవణీయత పెరిగితే కారణం సముద్రంలోనే ఉన్నదని భావించవచ్చు. లవణీయత తగ్గి మడ్డితనం పెరిగితే నేల వైపు చూడాలి. చేపలు చచ్చి తేలినప్పుడు పరిశ్రమలపై నింద మోపడమో, సముద్రం తీరే అంతనడమో పరిపాటి. రెండు విధాలా నష్టపోయేది మత్స్యకారులే.

బోయా అంకె ఒక్కటే చర్యకు చాలదు. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 21వ సెక్షను ప్రకారం నోటీసు ఇచ్చి, వ్యర్థజల నమూనా తీసి, సీలు వేసి ప్రయోగశాలకు పంపినప్పుడే ఆ ఫలితం న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లుతుంది. కనుక పాత సీసా అవసరం తీరలేదు. సీసా పట్టుకొని ఎప్పుడు బయలుదేరాలో చెప్పడమే సెన్సరు చేయగల మేలు. హెచ్చరిక అందిన రోజే అధికారులు కదలనిచో కాలువలోని ఆనవాలు అలలలో కలిసిపోతుంది.

వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఆంధ్రప్రదేశ్ తీరంలో ఒక బోయా ఒక చోటి సంగతే చెబుతుంది. అదీ శుభ్రంగా ఉన్నంతవరకే. వెచ్చని నీటిలో సెన్సర్లపై నాచు, గుల్ల జీవులు త్వరగా పేరుకొని కొలతలు తప్పుతాయి. వాటిని శుభ్రపరచి సరిచూచుటకు సిబ్బంది, పడవ, ఏటేటా నిధులు కావలసి ఉంటాయి.