చట్టము చెల్లదన్నప్పుడు క్రింది కోర్టు విధి

ఉప్పల్, నాచారములలో ఎకరములలెక్కన పలికిన భూమి నేడు గజములలెక్కన పలుకుచున్నది. 2007లో ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాదులో కలిసినది. గజములతోపాటు వ్యాజ్యములును పెరిగినవి. అట్టి వ్యాజ్యమున నొక కక్షిదారుడు "నాకు అడ్డుపెట్టిన చట్టమే చెల్లదు" అన్నచో జూనియర్ సివిల్ జడ్జి యేమి చేయవలెను? చట్టమును కొట్టివేయు అధికారము తనకు లేదనుట నిజమే. కాని అంతటితో ఆయన పని తీరలేదు.

న్యాయసంశయము కలిగినప్పుడు హైకోర్టునకు వ్రాయవచ్చునని సివిలు ప్రొసీజరు కోడు 113వ సెక్షను ఆదినుండియు చెప్పుచున్నది. రాజ్యాంగము వచ్చిన పిమ్మట, 1951లో చేర్చిన నిబంధన "వ్రాయవచ్చును" అనుటతో తృప్తిపడక "వ్రాయవలెను" అన్నది. ఆక్టుగాని ఆర్డినెన్సుగాని రెగ్యులేషనుగాని చెల్లదని న్యాయాధిపతికి తోచవలెను. ఆ ప్రశ్న తేలనిదే వ్యాజ్యము తేలకుండవలెను. హైకోర్టుగాని సుప్రీంకోర్టుగాని దానిని అదివరకే చెల్లదని యుండరాదు. అప్పుడు తన అభిప్రాయమును హేతువులతో వ్రాసి పైకి పంపుట ఆయనకు విధి. కక్షిదారుని శంకను మోసికొనిపోవుట చాలదు. అభిప్రాయము తనదే కావలెను. చిక్కంతయు నిచ్చటనే యున్నది. అభిప్రాయము లేదనుకొన్న న్యాయాధిపతికి విధియును లేదు గదా! క్రిమినలు కేసులలో నిట్టి నియమమే 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 436వ సెక్షనుగా నున్నది.

భూవసతి గలవారు మరువని యుదాహరణము 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టము. పరిమితికి లోబడిన యింటిస్థలమును అమ్ముకొనుటకును 27(1) సెక్షను సర్కారు అనుమతి కోరినది. 1980లో భీంసింగ్‌జీ కేసున సుప్రీంకోర్టు అంతమేరకు అది చెల్లదన్నది. ఆ నడిమి యేండ్లలో విక్రయపు ఒప్పందముపై దావా పడి యీ సెక్షను అడ్డువచ్చియున్నచో, విచారించు కోర్టుకు 113వ సెక్షను చేతనే యున్నది. 1980 తరువాత పైకి వ్రాయవలసిన పనియే లేదు, తీర్పు ననుసరించుటయే.

మన వకీళ్లు ఈ త్రోవను తలపక రిట్టు పిటిషనుతో మూసీయొడ్డున నున్న హైకోర్టునకు పరుగిడుదురు. నాచారమున నూరు గజముల యింటివానికి అది రెండవ ఖర్చు, రెండవ వకీలు. క్రింది కోర్టే వ్రాసినచో ఆ ఖర్చు వ్యాజ్యపు ఖర్చులలోనే కలియును.

దీనివలన వ్యాజ్యములు సాగిలపడునని కొందఱందురు. సాగదీయుటకే అర్జీలు పెట్టువారు లేకపోలేదు. కాని కోడులోని 46వ ఆర్డరు చదివిన నీ భయము తగ్గును. పైకి వ్రాసిన పిదప విచారణను ఆపవలసిన నిర్బంధము లేదు. హైకోర్టు నిర్ణయమునకు లోబడి డిక్రీ యీయవచ్చును. తీర్పు నకలు వచ్చువఱకు అమలు మాత్రమే నిలుచును.