పైన కరకర, లోన మెత్తన... క్రంబ్ కేక్

క్రీము కేకంటే పిల్లలకు మోజే గానీ, ఇంట్లో చెయ్యాలంటే క్రీము గిలక్కొట్టడం, పూయడం, పువ్వులు దిద్దడం... పెద్ద తతంగం. అవేమీ లేకుండా, పైన తియ్యటి పొడి చల్లి కాల్చే కేకు ఒకటుంది. జర్మన్లు దీన్ని స్ట్రాయిజెల్ కూహెన్ అంటారు. ‘స్ట్రాయెన్’ అంటే వాళ్ల భాషలో చల్లడం. అక్కడినుంచి వలస వెళ్లినవాళ్లతో అమెరికా చేరి క్రంబ్ కేక్ అయింది. న్యూయార్క్‌లోనైతే కేకు పల్చన, పొడి మందం!

ముందు పొడి సంగతి. మైదా 1 కప్పు (125 గ్రా.), పంచదార అర కప్పు, చల్లటి వెన్న 75 గ్రా., దాల్చినచెక్క పొడి అర టీస్పూను, చిటికెడు ఉప్పు. బజారు వెన్నలో ఉప్పుంటే మళ్లీ వెయ్యకండి. వేళ్ల కొసలతోనే నలపాలి, అరచెయ్యి తగిలితే ఆ వేడికి వెన్న కరుగుతుంది. సున్నుండల పిండి తెలుసుగా? పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విరగాలి. సరిగ్గా అదే పదను. మన ఎండలకి అది కాస్తా ముద్దయిపోతుంటే ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు పెట్టి, తర్వాత చిదపండి.

ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్నతో జాగ్రత్త. అందులో మజ్జిగ నీళ్లు మిగిలుంటాయి, పొడి జావైపోతుంది. దానికంటే పేరుకున్న నెయ్యి 60 గ్రాములు వాడితే నయం. వాసనా బాగుంటుంది.

ఇక కేకు. 100 గ్రా. మెత్తటి వెన్న, ముప్పావు కప్పు పంచదార తెల్లగా నురగలా వచ్చేదాకా గిలకొట్టండి. రెండు గుడ్లు ఒకదాని తర్వాత ఒకటి, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను కలపండి. ఒకటిన్నర కప్పుల మైదా, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్ జల్లించి, 100 మి.లీ. పాలతో విడతలుగా కలపండి. గుడ్డు తినని ఇళ్లలో గుడ్లూ పాలూ మాని, ఒక కప్పు గట్టి పెరుగులో అర టీస్పూను వంటసోడా వేసి, నురగొచ్చాక కలపాలి. అప్పుడు బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను చాలు.

పిండి గరిటె జారుగా, చిక్కగా ఉండాలి. పల్చనైతే పొడి మునిగిపోతుంది. వెన్న, గుడ్లు ఇంత ఖర్చు పెట్టి చేశాక పైపొడి అడుక్కి పోతే ప్రాణం ఉసూరుమనదూ! అందుకే ఒవెన్ ముందే 180 డిగ్రీలకు వేడెక్కాలి. ఎనిమిదంగుళాల గిన్నెలో కాగితం పరిచి, అంచులు బయటికి వదలండి. పిండి పోసి, పొడి పరిచి 40-45 నిమిషాలు కాల్చండి. మధ్యలో పుల్ల గుచ్చితే శుభ్రంగా రావాలి.

కుక్కర్‌లో ఇసుక పోసి చేసేవాళ్లకి పైపొడి ఎర్రబడదు. వేడి కిందినుంచే వస్తుంది, పైగా మూతకు పట్టిన ఆవిరి నీరై పొడిమీద పడుతుంది. వాళ్లకో ఉపాయం. పొడిని అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్నసెగమీద దోరగా వేయించి, దించిన కేకుకు తేనె రాసి పైన అద్దేయండి. కుక్కర్‌కు గాస్కెట్, వెయిట్ రెండూ తీసెయ్యాలి సుమా!

బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి కలిపితే పాలు సగం తగ్గించండి. పొడిలో జీడిపప్పు పలుకులు, ఎండుకొబ్బరి కోరు మీ ఇష్టం.

ఈ కేకుని మాత్రం పళ్లెంలోకి బోర్లించకండి, పొడంతా రాలుతుంది. చల్లారాక కాగితం అంచులు పట్టి పైకెత్తి, రంపపు పళ్ల చాకుతో కొయ్యండి. రెండోరోజుకి పైపొడి మెత్తబడితే, ఒవెన్‌లో ఐదు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడుతుంది.