దున్నేవాడికి దారిబత్తెం ఎవరిస్తారు?

దుక్కి దున్నడంలో ప్రపంచ పోటీ ఉందంటే మన కూలి సోదరులు చాలామంది నవ్వుతారు. "రోజూ చేసే పనేగా, దానికో పందెమా?" అంటారు. కానీ ఉంది. 1952లో ప్రపంచ దుక్కి పోటీల సంస్థ ఏర్పడింది. 1953లో కెనడాలోని కోబర్గ్‌లో మొదటి పోటీ జరిగింది. గెలిచినవాడికి బంగారు నాగలి బహుమానం. పోటీ జరిగినచోట శాంతికి గుర్తుగా రాళ్లతో ఒక స్తూపం కడతారు. నాగలి పట్టే పనికి ఇంత గౌరవం దక్కితే మాకు సంతోషమే. శ్రమజీవి పనితనాన్ని లోకం గుర్తించాలనే మేమూ కోరతాం. అయితే ఆ పోటీ పొలం గట్టు దాకా చేరగలిగేది ఎవరు? అసలు ప్రశ్న అదీ.

ఐర్లండు సంగతే చూడండి. కిల్డేర్, వెక్స్‌ఫర్డ్ జిల్లాల వాళ్లు "మా దుక్కి గొప్పంటే మా దుక్కి గొప్ప" అని పంతం పట్టారు. ఆ పంతంలోంచే 1931లో ఆథీ పట్టణం దగ్గర జాతీయ పోటీ పుట్టింది. తొమ్మిది జిల్లాల వాళ్లు గుర్రపు నాగళ్లతో దిగారు. ఇవాళ అది మూడు రోజుల మహా జాతర. ముందు జిల్లా పోటీలో నెగ్గాలి. తర్వాత జాతీయ పోటీ. అక్కడ పై తరగతిలో మొదట నిలిచినవాడు ప్రపంచ పోటీకి వెళతాడు. అక్కడికి ఒక్కో దేశం నుంచి ఇద్దరే. మన్నును ఒకే వైపు తిప్పే రెక్క నాగలికి ఒకరు, అటూ ఇటూ తిరగేసే నాగలికి ఒకరు.

ఒక రోజు కొయ్యకాళ్ల పొలం దున్నాలి, ఇంకో రోజు గడ్డి నేల. మొదటి చాలు సూటిగా పడిందా, గడ్డి పూర్తిగా మన్ను కిందికి పోయిందా, చాళ్లన్నీ ఒకే లోతున సాగాయా, ఆఖరి చాలు శుభ్రంగా ముగిసిందా అని న్యాయనిర్ణేతలు చూస్తారు. గడువు ఉంటుంది గానీ, పందెం వేగానికి కాదు, నేర్పుకి. ఈ నేర్పు మన పాలేళ్లకు తెలియనిదా? కొండ్ర వేసి వంకర లేకుండా చాలు తీసే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు.

మరి దారి ఎక్కడ మూసుకుపోతోంది? ఖర్చు దగ్గర. ట్రాక్టరు, నాగలి వెంట తీసుకుపోవాలి. సముద్రం దాటాలంటే వాటిని ఓడ ఎక్కించాలి. లేదంటే నాగలి ఒక్కటీ పంపుకుని, ట్రాక్టరు అక్కడ అరువు తెచ్చుకోవాలి. నేల కొత్తది. మన్ను గుణం తెలియాలంటే కొన్ని రోజులు ముందే చేరి సాధన చెయ్యాలి. సొంత పొలం, సొంత యంత్రం, ఇంటి దగ్గర పని చూసుకునే మనుషులు ఉన్నవాడికి ఇది సాధ్యం. ఒకరి ట్రాక్టరు తోలి జీతం తెచ్చుకునేవాడు పది రోజులు పని మానితే పొయ్యిలో పిల్లి లేవదు. ఎవరో దాత ఆదుకోవచ్చు. కానీ దాత దయ కూలివాడి హక్కు కాదు గదా!

అర్హత అంటే నేర్పు ఒక్కటే కాదని చరిత్ర కూడా చెబుతోంది. 1968లో ప్రపంచ పోటీ రొడీషియాలో పెట్టారు. 1965లో తమంతట తామే స్వతంత్రం ప్రకటించుకున్న పిడికెడు మంది తెల్లవాళ్లు అప్పుడు అక్కడ రాజ్యమేలుతున్నారు. దాదాపు సగం భూమిని, అందులోనూ మంచి భూముల్ని 1930 నాటి చట్టం వాళ్లకే కట్టబెట్టింది. ఆ కమతాల్లో చెమటోడ్చింది నల్లజాతి కూలీలు. అలాంటి గడ్డ మీద శాంతి పేరు చెప్పి పోటీ జరిపారు! 1980లో స్వాతంత్ర్యం వచ్చి ఆ దేశం జింబాబ్వే అయింది. 1983లో మళ్లీ అక్కడే పోటీ జరిగింది. జెండా మారింది గానీ, పెద్ద కమతాలు అప్పటికీ చాలావరకు పాత చేతుల్లోనే ఉన్నాయి.

అలాగని పోటీలు మనకెందుకని వదిలెయ్యాలా? వద్దు. ఇంగ్లండులో జోసెఫ్ ఆర్చ్ అనే కూలివాడు ఉండేవాడు. తొమ్మిదేళ్ల వయసులో చేలో కాకులు తోలే పనికి కుదిరాడు. పొలం చుట్టూ పెంచే పొదల కంచెను నరికి అల్లే పనిలో పోటీలు గెలిచాడు. ఆ పేరు మీద ఊరూరా పని దొరికింది. తిరిగిన చోటల్లా కూలీల కొంపలు చూశాడు, వాళ్ల బాధలు విన్నాడు. ఒక్క భూస్వామి దయ మీద బతకాల్సిన అవసరం లేదు గనక నోరు విప్పగలిగాడు. 1872 ఫిబ్రవరి 7న వెల్స్‌బోర్న్ గ్రామంలో చెట్టు కింద నిలబడి కూలీలతో మాట్లాడాడు. ఆ ఏడే ఇంగ్లండు వ్యవసాయ కూలీలకు జాతీయ సంఘం ఏర్పడింది. 1885లో ఆయన పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. పోటీ అతనికి ఇచ్చిన అసలు బహుమతి పతకం కాదు, ఊరు దాటే దారి. కూలివాడు ఊరు దాటితే పక్క ఊరి కూలి రేటు తెలుస్తుంది. అందుకే దారిఖర్చులు చిన్న విషయం కాదంటున్నాం.

ఇక మన ఊళ్లకు వద్దాం. సంక్రాంతికి, తిరునాళ్లకి బండలాగుడు పందేలు జరుగుతాయి. ఎడ్ల యజమాని పేరు, ఊరి పేరు మైకులో మోగిపోతాయి. మేత వేసి, కడిగి, లారీలో ఎడ్ల పక్కనే నిద్ర కాచిన పాలేరు పేరు ఎన్నిసార్లు విన్నాం? ఆడవాళ్ల మాట సరేసరి. 1955లో ఐర్లండు పోటీల్లో స్త్రీలకు వేరే విభాగం పెట్టి, గెలిచినామెను 'నాగలి రాణి' అన్నారు. మన దగ్గర ఆడది మేడి పడితే అరిష్టమనే మాట ఇంకా వినబడుతూనే ఉంది.

కాబట్టి కార్యకర్తలు ఈసారి పందెం కమిటీని నిలదీసి అడగాలి. తోలినవాడి పేరు ముందు చదవండి. బహుమతిలో వాడికి వాటా రాసి ఇవ్వండి. వచ్చిపోయే ఖర్చు, పోయిన రోజుల కూలి ప్రవేశ రుసుములోంచే కట్టండి. దుక్కి పోటీ పెడితే సహకార సంఘం ట్రాక్టరును కూలివాడికి ఇచ్చి దున్నించండి, ఆడవాళ్లనూ దిగనివ్వండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. చాలు తీసిన చేతికి దక్కవలసిన లెక్క. అడగనిదే ఎవరూ ఇవ్వరు. నలుగురూ కలిసి అడిగితే కాదనే ధైర్యం ఏ కమిటీకీ ఉండదు.