పాత చదువును పారేసుకోవద్దు

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలు, స్తంభాలు, మెట్ల మలుపులు అన్నిటి మీదా కోర్సుల పేర్లే. జావా, పైథాన్, డెవాప్స్. మెకానికల్, సివిల్ చదివినవాళ్లు, ఫార్మసీ పూర్తిచేసినవాళ్లు, ఎంబీఏలు అక్కడ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. చాలామందికి అందే సలహా ఒకటే: ఇంతవరకు చదివింది మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాలని.

ఈ సలహా తప్పు.

బీఫార్మసీ చదివిన అమ్మాయి సంగతే చూడండి. కొత్త మందు పరీక్షల్లో ఎవరికి ఎంత మోతాదు ఇచ్చారు, ఏ దుష్ప్రభావం కనిపించింది అన్న వివరాలను నిర్ణీత పట్టికలుగా మార్చి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు సమర్పించాలి. ఈ పనిలో శాస్ సాఫ్ట్‌వేర్‌ను విరివిగా వాడతారు. కోడ్ రాయడం ఆమె నేర్చుకోగలదు. మందు మొదలుపెట్టక ముందే ఉన్న తలనొప్పిని ఆ మందు ఖాతాలో వేయకూడదన్నది మాత్రం ఆమెకు ముందే తెలుసు. కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుడికి అది ఎవరో ఒకరు చెప్పాలి. పద్దులు తెలిసిన బీకాం వాళ్లకు కంపెనీలు వాడే శాప్ సాఫ్ట్‌వేర్‌లో ఫైనాన్స్ విభాగం కూడా అలాంటిదే.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాళ్లకు అసలు ప్రమాదం దొంగ అనుభవ పత్రాలది. చేయని ఉద్యోగాన్ని కాగితం మీద సృష్టించి అమ్మేవాళ్లున్నారు. పీఎఫ్ యూఏఎన్ నంబరుతో పాత కొలువుల చిట్టా బయటపడితే చేతిలో ఉన్న ఉద్యోగమూ పోతుంది. అప్పు చేసి ఫీజు కట్టేముందు ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ పాఠాలు విని, కొన్నాళ్లు స్వయంగా ప్రోగ్రాములు రాసి చూసుకోవాలి. పాఠాలు ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము.