మరి గుర్రాలేవీ?

గోల్‌బజార్ నుంచి మా తెలుగు తరగతికి వచ్చే పిల్లలకు ఈమధ్య 'రౌతు కొద్దీ గుర్రం' అనే సామెత చెప్పాను. రౌతు అంటే ఎవరో తెలియడానికి ఢిల్లీలోని తీన్‌మూర్తి ఫోటో చూపించాను. హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల ఆశ్వికదళాల స్మారకం అది. 1918 సెప్టెంబరు 23న మైసూరు, జోధ్‌పూర్ రౌతులు మరతుపాకులకు ఎదురుగా గుర్రాలను దౌడు తీయించి హైఫా పట్టణాన్ని గెలిచారు.

ఒక అమ్మాయి అడిగింది: "మరి గుర్రాలేవీ సార్?"

నిజమే. ముగ్గురు కంచు సైనికులూ నేల మీదే నిలబడి ఉన్నారు.

యుద్ధంలో గుర్రం కొద్దీ రౌతు కూడా. ముందు గుర్రానికి నీళ్ళు పెట్టి, ఒళ్ళు రుద్ది, గిట్టలు చూశాకే అతను తన ఆకలి చూసుకోవాలి. అందులో ప్రేమా ఉంది, అవసరమూ ఉంది. గుర్రం కూలితే అతని ప్రాణానికీ భరోసా లేదు. అయితే సైనికుడికి జీతం, పతకం, ఇంటికి వెళ్తానన్న ఆశ ఉంటాయి. నోరులేని జీవానికి అవేవీ లేవు. ఆ యుద్ధానికి ఆస్ట్రేలియా లక్షకు పైగా గుర్రాలను పంపితే, తిరిగి స్వదేశం చేరింది శాండీ అనే ఒక్క గుర్రమే.

బదిలీల మీద ఊళ్ళు తిరిగే నాకు, ఎప్పటికైనా సొంతూరు చేరతానన్న ధైర్యం ఎంత పెద్దదో తెలుసు. వీరుల పాఠం చెప్పేటప్పుడు, వారిని మోసిన ప్రాణుల గురించి కూడా నాలుగు మాటలు చెప్పడం మన బాధ్యత అని నా అభిప్రాయం.