కంథకు కర్త లేదా?

వంగ సాహిత్యమును తెలుగులో చదువువారికి కంథ అను మాట క్రొత్తది కాదు. సంస్కృతమునుండి వచ్చిన ఆ మాట తెలుగునను కలదు. తెలుగు ఇండ్లలో దానికి బొంత అని పేరు. చివికిన చీరలను, ధోవతులను పొరలుగా పరచి కుట్టి, చంటిపిల్లల క్రింద వేయుట వంగదేశమునను ఆంధ్రదేశమునను ఒక్కటే. హిందీవారు దీనినే గుదడీ అందురు; పేదయింట పుట్టిన గుణవంతుని 'గుదడీలోని మాణిక్యము' అని మెచ్చుకొందురు. ఆ మెప్పు మాణిక్యమునకే గాని గుదడీకి కాదు. వంగదేశపు స్త్రీలు గుదడీనే మాణిక్యముగా చేసిరి. అయినను కళావిమర్శకులు వారికి ఇచ్చిన బిరుదు ఒక్కటే: అనామకులు.

జానపదకళకు కర్త ఉండడనియు, అది జాతి సమష్టి హృదయమునుండి దానంతటదే పుట్టుననియు ఒక సిద్ధాంతము కలదు. వినుటకు అది ఉదాత్తముగనే ఉండును. కాని కుట్టుపని దానంతటదే పుట్టదు. పాత చీర అంచునుండి ఎఱ్ఱని, నల్లని, నీలి దారములను ఒక్కొక్కటిగా లాగవలెను. నడుమ పద్మమును, నాలుగు మూలల నాలుగు చెట్లను నిలుపవలెను. వానినడుమ ఏనుగో, రథమో, పల్లకియో ఏది ఉండవలెనో తేల్చుకొనవలెను. మిగిలిన తెల్లని నేలనంతను సూది క్రిందికి పైకి పోవు సాదా కుట్టుతో నింపగా, గుడ్డపై నీటి అలలవంటి ముడుతలు లేచును. చలికి కప్పుకొను లేప్, పడకపై పరచు సుజని, పుస్తకములను చుట్టు బాయ్‌టన్, అద్దమును దువ్వెనను చుట్టు ఆర్శిలత, వీనిలో ప్రతిదానికిని కొలత వేరు, కూర్పు వేరు. ఈ నిర్ణయములు చేసినది జాతి కాదు, ఒకానొక స్త్రీ.

దీనికి సాక్ష్యము లేకపోలేదు. గురుసదయ దత్తు (1882–1941) పల్లెలు తిరిగి సేకరించిన కంథలలో మానదాసుందరీ దాసి అను స్త్రీ కుట్టినది ఒకటి కలదు. 19వ శతాబ్దికి చెందిన ఆ కంథపై, దానిని స్వహస్తములతో తన తండ్రికై కుట్టితినని ఆమె దారముతోనే అక్షరములు వ్రాసినది. మగ్గమునందును ఇట్టిదే జరిగినది. ముర్షిదాబాదు బాలూచరీ చీరలు నేసిన దుబ్రాజ్ దాస్ తన పేరును చీరలోనే నేసెను. పేరు చెప్పుకొనవలెనను కోరిక వారికి లేదనుట అసత్యము.

అధిక సంఖ్యాకములైన కంథలపై పేరు లేదుగదా యని ప్రతివాదులు అడుగవచ్చును. నిజమే. ఇంట వాడుకొను వస్తువునకు సంతకమేల? అది అమ్మమ్మ కుట్టినదని ఆ యింట అందఱకును తెలియును. ఇల్లు దాటిన నాడే ఆ పేరు పోయినది. కొన్నవాడు వెల అడిగెను, చూచినవాడు జిల్లా పేరు వ్రాసికొనెను. కుట్టినదెవరని అడిగినవారు అరుదు. అడుగకపోవుట చూచినవారి లోపము. దానిని కళాలక్షణమనుట అన్యాయము. జసీముద్దీన్ 1929లో ప్రకటించిన 'నక్షీ కాఁథార్ మాఠ్' కావ్యమున తన బ్రదుకునంతను కంథపై కుట్టిన నాయికకు సాజు అను పేరు కలదు. కల్పితస్త్రీకి కవి ఇచ్చిన గౌరవమును సజీవస్త్రీకి లోకమియ్యలేదు.

నేడు బీర్భూమ్ జిల్లాలోని బోల్‌పూర్, నానూర్ ప్రాంతములలో స్త్రీలు పాత గుడ్డలపై గాక క్రొత్త పట్టుపై, టస్సరుపై కంథ కుట్టుచున్నారు. ఇది భ్రష్టతయని విలపించువారు కొందఱు కలరు. ఆ స్త్రీలు ఎల్లకాలము చిరుగు చీరలే కట్టి, చూచువారి కన్నుల పండుగకై వానినే కుట్టుచుండవలెనని వీరి కోరిక కాబోలు! ఆమెకు నాలుగు డబ్బులు వచ్చుట తప్పు కాదు. తప్పు మఱొకచోట ఉన్నది. నెలల తరబడి సాగు పనికి చీరకింత యని కూలి కట్టుదురు. ఎన్ని దినములు పట్టినవో లెక్క ఉండదు. దుకాణమున చీరపై వర్తకుని పేరు మెఱయును. కుట్టినదాని పేరు కానరాదు. పేరు లేనిచో దినముల లెక్క అడుగువారును ఉండరు. పేరులేమి వర్తకునకు లాభము.

ప్రభుత్వములు మాత్రము పేర్లకై పోరాడుచునే ఉన్నవి. పశ్చిమ వంగపు నక్షీ కంథకు 2008లో, ఆంధ్రదేశమునందలి ఉప్పాడ జామ్‌దానీకి 2009లో భౌగోళిక సూచిక లభించినది. బంగ్లాదేశపు జామ్‌దానీ నేతను 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చినది. 2016లో ఆ దేశము జామ్‌దానీని తన తొలి భౌగోళిక సూచికగా నమోదు చేసికొన్నది. 2024లో టాంగైల్ చీరకై రెండు దేశములును వాదులాడినవి. 1947 తరువాత సరిహద్దు దాటిన నేతగాండ్రు ఆ విద్యను చేతులతో మోసికొని వచ్చిరి. కనుక ఇరువాదములందును కొంత సత్యము కలదు. కాని ఆ గుర్తు సరకు ఏ సీమదో చెప్పును, ఏ చేతిదో చెప్పదు. జామ్‌దానీ మగ్గముపై ప్రక్కప్రక్కన కూర్చుండు గురుశిష్యుల పేర్లు ఈ వివాదములలో ఎక్కడను వినబడవు.

కర్త పేరు లేని కావ్యమును అచ్చువేయుటకు ఏ ప్రకాశకుడును సాహసింపడు. పేరు తెలియని ప్రాచీన కావ్యమునకైనను కర్తను వెదకుటకు పండితులు జీవితములు ధారపోయుదురు. కంథకును ఆ మర్యాదయే కావలెను. సంగ్రహాలయపు చీటీపై, గ్రంథమునందలి చిత్రము క్రింద, దుకాణములోని చీర కొంగున కుట్టినదాని పేరు ఉండవలెను. పట్టిన దినములు ఉండవలెను. కూలి ఆ దినములనుబట్టి ఉండవలెను. ఇది దయాభిక్ష కాదు. మానదాసుందరి తండ్రికిచ్చిన కంథపై తన పేరు వ్రాయుటకు ఎవరి అనుమతియు కోరలేదు.